పట్టు మీద నీళ్లు

హిందూపురం,
9 ఆగస్టు 1998.

మామకు సలాం.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఫోన్లో మీరు అరుస్తారు, నేనూ అరుస్తాను, ఎస్టీడీ దుకాణంలో కూర్చున్నవాళ్ళు నవ్వుకుంటారు. కాగితం మీదైతే మీరు ఒక్కరే అరుచుకోవచ్చు.

మొన్న పెనుకొండకు పోయినప్పుడు అమ్మ ఒక మాట చెప్పింది. మీరు అక్కడి వ్యవసాయ ఆఫీసులో స్ప్రింక్లర్ల కోసం అర్జీ పెట్టారట. నమ్మలేదు. కానీ మీ వెంట వచ్చిన అమ్మే పక్కనుండి విన్నదట కదా! ఆ సారు "ఎన్నెకరాలప్పా శెనక్కాయ?" అని అడిగితే మీరు "శెనక్కాయ యాడిది సార్? ధర్మవరంలో రెండంతస్తుల మిద్దె ఉండాది. కింద పట్టుచీరలు, పైన పనిచేసే ఆడోళ్లు" అన్నారట. "మిద్దెలో బోరు యాడేసినావు?" అని ఆయన. "బోరెందుకు సార్, నాకు నిప్పుకు కావల్ల" అని మీరు. ఆయన పెన్ను కిందపెట్టి అమ్మ వైపు తిరిగి "ఈయప్పకు ఒంట్లో బాగలేదామ్మా?" అన్నాడట. ఇది చెప్పి అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నాకైతే తల కొట్టుకోవాలనిపించింది.

బెంగళూరు షోరూం వాళ్ళు తమ చీరలు మీ దగ్గర నిలవ ఉంచాలంటే మిద్దెలో స్ప్రింక్లర్లు ఉండాలని షరతు పెట్టారని మీరే చెప్పారు. వాళ్ళు అడిగింది చేలో తిరిగేవి కావు మామా. పైకప్పు కింద పైపులు పోతాయి. ఆ పైపులకు నాలుగడుగులు నడిచేంత దూరానికొకటి చొప్పున చిన్న ఇత్తడి హెడ్లు వేలాడతాయి. కింద నిప్పు పుడితే, మనిషి చూసినా చూడకపోయినా, సరిగ్గా దాని నెత్తిన నీళ్లు పడతాయి. ఆరేళ్లుగా హిందూపురం మిల్లుల్లో నేను బిగిస్తున్నవి అవే. మేనల్లుడు ఏం పని చేస్తున్నాడో ఈ ఆరేళ్లలో ఒక్కసారైనా అడిగి ఉంటే మీకు పెనుకొండ బస్సు తప్పేది.

అత్తకు సలాం చెప్పండి. సమీనాను అడిగానని చెప్పండి.

మీ సలీం


ధర్మవరం,
20 ఆగస్టు 1998.

ఫిట్టర్ సలీం గారికి,

కాలేసాబ్ దువా. నీ ఉత్తరం అందింది. మీ అమ్మ నవ్వినందుకు నాకు బాధ లేదు. ఆమె చిన్నప్పటి నుంచీ నన్ను చూసి నవ్వుతూనే ఉంది. స్ప్రింక్లర్ అనే మాట ఈ జిల్లాలో ఎవరినైనా అడుగు. చేనే చూపిస్తారు. ఒక పేరు రెండింటికి పెట్టినవాడిని వదిలేసి నన్ను అంటావేం?

సరే, నువ్వు చెప్పినవి అర్థం చేసుకున్నాను. అర్థమయ్యాక రెండు రోజులు అన్నం సహించలేదు. నీళ్లు నిండిన పైపులు నా పట్టు మీద వేలాడతాయా? తల మీద నిండుకుండ పెట్టుకుని నిద్రపోమంటున్నావు నువ్వు. ఒక్క మర కారిందంటే షెల్ఫు షెల్ఫంతా పోతుంది. పట్టుకు నీటి మరక పడితే ఏమవుతుందో మీ ఇనుప మిల్లుల్లో నీకేం తెలుసు? ఇంకొకటి కూడా విన్నాను. ఒకటి పగిలితే మిగతావన్నీ వరసగా పగిలి మిద్దెంతా వాన కురుస్తుందట. మా వీధిలో టీవీ ఉన్నవాళ్ళు చూశారు.

కాబట్టి ఒక పని చెయ్యి. పైపులు వెయ్యి. హెడ్లు బిగించు. నిగనిగలాడేవి చూసి బిగించు. నీళ్లు మాత్రం వదలకు. షోరూం వాళ్ళు వస్తారు, పైకి చూస్తారు, లెక్కపెట్టుకుంటారు, కాఫీ తాగి పోతారు. వాళ్ళ షరతూ తీరుతుంది, నా పట్టూ పొడిగా ఉంటుంది.

ఇంత చిన్న ఉపాయం నీకెందుకు తట్టలేదో!

మీ మామ కాలేసాబ్


హిందూపురం,
30 ఆగస్టు 1998.

మామా,

సలాం. మీ ఉపాయం చదివాను. నాకు తట్టకపోవడానికి కారణం, నేను ఈ పని నేర్చుకున్నది దేవసహాయం మేస్త్రి దగ్గర. ఆయన ముందు నీళ్లు లేని పైపు మాట ఎత్తితే చేతిలో ఏముంటే అది విసిరేవాడు. ఒకసారైతే రెంచే విసిరాడు.

టీవీలో చూసినవాళ్ళను టీవీలోనే ఉండనివ్వండి. అన్నీ ఒకేసారి కురవవు. ప్రతి హెడ్డుకూ మూతిలో చిన్న గాజు బల్బు అడ్డం ఉంటుంది. లోపల ఎర్రటి ద్రవం. కింద సెగ పెరిగి బల్బు దాకా వస్తే ఆ ద్రవం ఉబ్బి గాజును పగలగొడుతుంది. అప్పుడు ఆ ఒక్క హెడ్డే తెరుచుకుంటుంది. పక్కదానికి సెగ తగలకపోతే అది కదలదు. పొగకు పగలదు, బీడీకి పగలదు, మీ అరుపుకూ పగలదు. ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో రెండు హెడ్లు పంపుతున్నాను. మీరే చూసుకోండి.

ఇక పట్టు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పట్టు, పట్టు, పట్టు. పైన రాట్నాల మీద కండెలు చుట్టే ఇరవై ఒక్క మంది గురించి ఒక్క ముక్క లేదు. వాళ్ళ మీద అజమాయిషీ చేసే మీ కూతురు సమీనాతో కలిపి ఇరవై రెండు. వాళ్ళు దిగడానికి ఉన్నది ఒక్కటే చెక్క మెట్ల దారి. ఆ మెట్లు దిగేది చీరల గదిలోకి. కింద అంటుకుంటే మొదట పోయేది ఆ మెట్లే. ఫైరింజను ఎంత తొందరగా వచ్చినా అది వీధి మలుపు తిరగాలి, జనం పక్కకు తప్పుకోవాలి. హెడ్డు అక్కడే ఉంటుంది. నిప్పు చిన్నదిగా ఉన్నప్పుడే దాన్ని తొక్కేస్తుంది, లేదా ఎదగకుండా పట్టుకుంటుంది. ఆ కాసేపట్లో ఇరవై రెండు మందీ దిగిపోవచ్చు. నేను బిగించేది ఆ కాసేపటి కోసం.

నీళ్లుంటేనే వస్తాను. లేదంటే ఉత్త పైపులు వేసేవాళ్ళు ధర్మవరంలోనే దొరుకుతారు, పిలిపించుకోండి.

సలీం


ధర్మవరం,
12 సెప్టెంబరు 1998.

సలీంకు,

దువా. పార్సిల్ వచ్చింది. నువ్వు చెప్పావు కదా అని నమ్మేవాడిని కాదు నేను. మీ అత్త టీ కాస్తుంటే ఒకదాన్ని దారం కట్టి గిన్నెలోకి దించాను. రెండోది దానికి జానెడు పైన పట్టుకున్నాను. మీ అత్త "ఏం చేస్తాండావు, అది తినేదా?" అని అడుగుతూనే ఉంది. నీళ్లు ఇంకా మరగనే లేదు, టప్ మని పగిలింది. గాజు ముక్కలు టీలో, ఎర్ర ద్రవం టీలో, ఇంట్లో ఎవరికీ ఆ పూట టీ లేదు. గిన్నె కూడా నన్నే తోమమన్నారు.

పైన పట్టుకున్నది మాత్రం పగల్లేదు. ఇంకా నా బల్ల మీదే ఉంది, నన్ను చూస్తూ.

నేను ఒప్పుకున్నానని అనుకోకు. ఒప్పుకున్నది మీ అత్త. సమీనా నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించింది, ఆ మెట్ల ముక్క రెండుసార్లు. అప్పటి నుంచి హసీనాబీ నాతో మాట్లాడితే ఒట్టు. ఇంట్లో మాటలు లేకుండా ఎన్నాళ్ళని ఉంటాను? వచ్చి బిగించు. నీళ్లతోనే బిగించు. పెరట్లో నాలుగు ట్యాంకర్ల నీళ్లు పట్టే సంపు తవ్విస్తున్నాను. ఆ నీళ్లు పైపుల్లోకి తోసే మోటరు, కరెంటు పోతే నడిచే డీజిలు ఇంజను, అన్నీ తెచ్చుకో. ఒక్క చుక్క నా చీరల మీద ఊరికే పడిందా, నువ్వు నా అల్లుడివే కావు.

కాలేసాబ్


హిందూపురం,
14 జనవరి 1999.

మామకు,

సలాం. నిన్న తనిఖీకి వచ్చాను. మీరు బెంగళూరు పోయారట. ఉంటే అక్కడే అనేవాడిని. ఇప్పుడు రాయాల్సి వస్తోంది.

రంజాను దగ్గర పడిందని మిద్దెకు సున్నం కొట్టించారు. మంచిదే. గోడలకు కొట్టించారు, కప్పుకు కొట్టించారు. హెడ్లకు ఎందుకు కొట్టించారు మామా? పధ్నాలుగు హెడ్లు మంచు పడినట్టు తెల్లగా ఉన్నాయి. సున్నం వేసిన మనిషిని అడిగితే "పండగపూట అవొక్కటే వేరేగా కనపడితే బాగుండదని సాయిబే చెప్పినాడు" అన్నాడు. బల్బు మీద సున్నం పట్టిందంటే దానికి సెగ తెలియదు. మీరు వాటికి కళ్ళగంతలు కట్టి కాపలా పెట్టారు. గీకితే పోయేది కాదు, పధ్నాలుగూ మార్చాను.

పై అంతస్తులో ఒక హెడ్డుకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. కండెలు చుట్టే పుట్టమ్మ కట్టిందట. "ఇదే కదన్నా మమ్మల్ని కాపాడేది, దానికి దిష్టి తగలకూడదని" అంది. ఆమెను ఏమీ అనలేకపోయాను. విప్పి ద్వారానికి కట్టాను. కానీ కింద పైపు మీద తడి పట్టుదారం చిలపలు ఆరేసింది ఎవరు? పైపు బట్టల దండెం కాదు.

ఇక నుంచి మీ మాట మీద నాకు నమ్మకం లేదు. మెట్ల పక్కన గేజి ఉంది. అందులో ముల్లు అయిదుకూ ఆరున్నరకూ మధ్య ఆడుతుండాలి. అది పడిపోయిందంటే పైపుల్లో బలం లేదని అర్థం. ప్రతి ఉత్తరంలో ముల్లు ఎక్కడుందో చూసి రాయండి. పండగ శుభాకాంక్షలు.

సలీం


ధర్మవరం,
21 ఫిబ్రవరి 1999.

సలీంకు,

నేను నీకు చేసిన అన్యాయం ఏమిటో చెప్పు. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని ఉరుసుకు తీసుకుపోలేదా? మరి నీ హెడ్డు నా మీద ఇంత కక్ష ఎందుకు కట్టింది?

మంగళవారం పగలు పదకొండింటికి కింద మడత బల్ల మీద ఇస్త్రీపెట్టె నుంచి గుడ్డ అంటుకుంది. గుడ్డ నుంచి అట్టపెట్టెలు. చిన్న మంట. నేను వీధిలో మాట్లాడుతున్నాను, వచ్చి ఆర్పేవాడినే. ఇంతలో లోపల టప్ మంది. ఆ శబ్దం నాకు బాగా తెలుసు. పరుగెత్తుకొచ్చాను, ఇక చూడు. బల్ల మీద, పెట్టెల మీద, పక్క షెల్ఫు మీద, నా మీద. మంట ఎప్పుడో చచ్చింది, నీళ్లు మాత్రం ఆగవు. ఏ వాల్వు తిప్పాలో నాకు గుర్తు రాలేదు. పైనుంచి సమీనా దిగి వచ్చి, మంట పూర్తిగా పోయిందని చూసుకుని, తిప్పింది. అరవై మూడు చీరలు తడిసిపోయాయి. అరవై మూడు! రంగు దిగి ఒకదానిది ఒకదానికి అంటుకుంది. షోరూం వాళ్ళకు ఏమని చెప్పను?

ఆడవాళ్ళందరూ దిగి వచ్చి ముక్కుకు కొంగు పెట్టుకుని చూసి మళ్ళీ పైకి పోయి పని చేసుకున్నారు. వాళ్ళకేం, వాళ్ళ చీరలు తడవలేదు.

గేజి ముల్లు ఆరు.

కాలేసాబ్

సలీం బావా, ఇది సమీనా. నాయన చూడకుండా రాస్తాండా. ఇస్త్రీపెట్టె ఆన్‌లో పెట్టి వీధిలోకి పోయింది నాయనే. మేము దిగేటప్పటికి మెట్ల మొదట్లో పెట్టెలు సగం కాలి ఉండాయి. అది రాయడు కదా.


హిందూపురం,
1 మార్చి 1999.

మామా,

అరవై మూడు చీరలు తడిశాయని రెండుసార్లు రాశారు. ఎంతమందికి కాలిందో ఒక్కసారీ రాయలేదు. రాయడానికి ఎవరూ లేరు కాబట్టి.

మిద్దెలో నలభై హెడ్లున్నాయి. పగిలింది ఒకటి. ఆ ఒక్కటి లేకపోతే మీరు వీధిలోంచి లోపలికి వచ్చేలోగా మెట్లు అంటుకునేవి. అప్పుడు మీరు నాకు ఎలాంటి ఉత్తరం రాసేవారో ఆలోచించండి. 

నేనే వచ్చి కొత్త హెడ్డు బిగించి పోతాను. ఇస్త్రీపెట్టె ఎవరు మరిచిపోయారో నేను అడగను.

సలీం


ధర్మవరం,
4 ఏప్రిల్ 1999.

చిరంజీవి సలీంకు,

మామ, అత్త దువా. మేమంతా క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాము. బక్రీదు బాగా జరిగింది. నువ్వు రాలేదని మీ అత్త బాధపడింది. ఎండలు విపరీతంగా ఉన్నాయి, ఈ ఎండలో నువ్వు తనిఖీ కోసమని శ్రమపడి రానక్కరలేదు. వానలు పడ్డాక నిదానంగా రావచ్చు. నువ్వు బిగించినవన్నీ చక్కగా ఉన్నాయి. నీ పనితనం గురించి అందరికీ చెబుతున్నాను.

ముల్లు ఆరు.

ప్రేమతో
మామ


పెనుకొండ,
25 ఏప్రిల్ 1999.

మామకు,

అమ్మను చూడటానికి వచ్చి ఇక్కడి నుంచి రాస్తున్నాను. మీరు నన్ను "చిరంజీవి" అన్నారు. ప్రేమతో అన్నారు. నా పనితనం మెచ్చుకున్నారు. అప్పుడే అనుకున్నాను ఏదో జరిగిందని.

ఫిబ్రవరి నుంచి మీరు రాసిన ప్రతి ఉత్తరంలో ముల్లు ఆరే. వేడికి, చలికి, పైపుల్లో బలం నిలిపే చిన్న మోటరు ఆగి నడిచేదానికి ఆ ముల్లు కదులుతుంది మామా. అయిదున్నర ఉంటుంది, ఆరుంబావు ఉంటుంది. మీది గేజీనా, గోడ మీద బొగ్గుతో గీసిన బొమ్మా?

ఇక్కడికి వస్తే అమ్మ గర్వంగా చెప్పింది. "మీ మామ వీధందరికీ నీళ్లు పోస్తాండాడంట నాయనా. కొళాయి పదిదినాలకొకసారి వస్తాండాదంట. ఆ వీధిలో ఆయప్ప పేరు చెప్పి దండం పెడతాండారంట." ఏ నీళ్లమ్మా అని అడిగాను. "పెరట్లో సంపు ఉండాది కదా, ఊరికే ఉండేవే కదా ఆ నీళ్లు" అంది. ఊరికే ఉండేవి! అమ్మ ముందు ఏమీ అనలేక బయటికి వచ్చి బస్టాండు దాకా నడిచాను, మళ్ళీ వెనక్కి నడిచాను.

సంపులో ఎన్ని నీళ్లున్నాయి? ఈసారి ఆరు అని రాయకండి.

సలీం


ధర్మవరం,
2 మే 1999.

సలీంకు,

లేవు. సంపులో నీళ్లు లేవు. అడుగున చేయి మునిగేంత బురద ఉంది. ఒట్టిగా తిరిగి కాలిపోతుందని మోటరు ఆపేశాను. ముల్లు ఎప్పుడో పడుకుంది. అబద్ధం రాశాను. ఏం చేస్తావు?

మొదట ఒక్క బిందె. పుట్టమ్మ పనికి వచ్చి మెట్ల మీద కూలబడింది. పొద్దున్నే ఊరి బయట తోటబావికి పోయి, అక్కడ తరిమితే ఇంకో చోటికి పోయి, బిందె నిండకుండానే పనివేళ అయిందని పరుగెత్తుకుని వచ్చిందట. "ఇంట్లో పిల్లోల్లకు గొంతు తడుపుకోనీకి లేవన్నా" అంది. పెరట్లో నా సంపు నిండా నీళ్లు. రాని నిప్పు కోసం మూతేసి పెట్టిన నీళ్లు. నేను ఏం చెప్పాలి సలీమూ? మీ హెడ్డుకు దాహం వేస్తుంది, నువ్వు ఆగు అని చెప్పాలా?

ఒక బిందె ఇచ్చాక రెండో బిందె కాదనలేకపోయాను. మరునాడు ఇరవై బిందెలు వచ్చాయి. ఆ తర్వాత వీధి వచ్చింది. ట్యాంకరు తెప్పించి నింపుదామని చూశాను. ట్యాంకరు మా వీధి మొదట్లోకి రాగానే జనం దాన్నే పట్టుకున్నారు, సంపు దాకా రానివ్వలేదు. వాళ్ళను నేను తిట్టలేదు.

నీకు కోపంగా ఉంటే వచ్చి సంపు మూత మీద కూర్చో. వచ్చినవాళ్ళకు నువ్వే చెప్పు లేదని. నీ నోటితో చెప్పగలిగితే నేను నీ కాళ్ళు మొక్కుతాను.

కాలేసాబ్


హిందూపురం,
7 మే 1999.

మామా,

సలాం. మీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను.  నేనైనా ఇచ్చేవాడినే. బిందె పట్టుకుని నిలబడినవాళ్ళకు లేదని చెప్పడం నాకు చేతకాదు. మీకు చేతకానందుకు తిట్టి నేను చేయగలనని అబద్ధం రాయలేను.

కానీ నీళ్లు ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చి నాకు ఆరు అని రాయడం తప్పు. ఎండిన పైపుల కింద ఆ ఇరవై రెండు మంది "మాకు హెడ్లున్నాయి" అనుకుని కూర్చున్నారు. అవి లేకముందైనా కాస్త భయం ఉండేది, మెట్ల వైపు చూస్తూ కూర్చునేవారు. ఇప్పుడు అదీ లేదు. వాళ్ళ ధైర్యం నేను బిగించిన ఇత్తడి మీద. అందులో నీళ్లు లేవని నాకు తెలిశాక నిద్ర ఎక్కడిది?

కాబట్టి వినండి. సంపులో నీళ్లన్నా ఉండాలి, లేదా పైన మనుషులన్నా ఉండకూడదు. నీళ్లు వీధికి పోతే మంచిదే, అయితే రాట్నాలు దించండి. మీ వీధి చివర షాదీఖానా పెళ్ళిళ్ళు లేక ఈ ఎండల్లో ఖాళీగా పడి ఉంది. నేల మీద ఒకే అంతస్తు, నాలుగు వైపులా తలుపులు. వానలు పడి సంపు నిండేదాకా పని అక్కడ చేయించండి. చీరలు మిద్దెలోనే ఉండనివ్వండి, వాటికి కాళ్ళు లేకపోయినా పిల్లలు లేరు.

వారం చూస్తాను. రాట్నాలు దిగలేదని తెలిస్తే నేనే వచ్చి ఆ మెట్లు ఊడదీస్తాను. ఫిట్టర్ని, నా దగ్గర పనిముట్లున్నాయి.

సలీం


ధర్మవరం,
15 జూన్ 1999.

సలీంకు,

దువా. ఈ ఉత్తరం మొదలుపెట్టి నాలుగు రోజులైంది. నువ్వు చెప్పింది నిజమని రాయాలంటే చేయి రావడం లేదు. రాశాను, అయిపోయింది, మళ్ళీ రాయమని అడగకు.

నీ మాట విని రాట్నాలు షాదీఖానాకు మార్చాను కానీ, మార్చిన రోజు నుంచీ నిన్ను తిట్టని పూట లేదు. కండెలు మోయించుకుని రావడం, పోవడం. ఇరవై ఒక్క మంది ఇరవై ఒక్క వైపులకు చూస్తారు, గాలికి దారం తెగుతుంది. "పైన ఎంత బాగుండేది" అని వాళ్ళ గొణుగుడు. సమీనాకూ నాకూ రోజూ గొడవే. సోమవారం పైకి ఎక్కించేద్దామని గురువారం చెప్పేశాను. నీకు తెలియకుండానే చేసేవాడిని.

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయాను. పొద్దుటి నుంచి లేని కరెంటు అప్పుడే వచ్చిందట. చీరల గదిలో పాత స్విచ్చుబోర్డు దగ్గర చిటపటమన్నదని ఎదురింటివాళ్ళు చెప్పారు. తాళం నా జేబులో ఉంది. నేను వచ్చేటప్పటికి కిటికీల్లోంచి మంట బయటికి నాలుక చాపుతోంది. లోపల టప్, టప్, టప్ మని వినపడుతూనే ఉంది సలీమూ. ఒకటి తర్వాత ఒకటి. అన్నీ తమ పని తాము చేశాయి. ఒక్కదాంట్లోంచీ చుక్క రాలేదు. మొన్న ఒకటి పగిలితే నీ మీద అరిచాను. ఈసారి ఒక్క చీర తడిసినా చాలునని వీధిలో నిలబడి ఏడ్చాను.

మెట్లు ఎప్పుడు పోయాయో కూడా తెలియలేదు. అంత తొందరగా పోయాయి. ఫైరింజను వాళ్ళు బాగా పనిచేశారు, పక్క ఇళ్ళకు అంటకుండా ఆపారు. మా మిద్దెకు మాత్రం గోడలు మిగిలాయి. పై అంతస్తు కింది అంతస్తులో పడి ఉంది. చీర అనేది ఒక్కటి లేదు. షోరూం వాళ్ళు వచ్చి చూసి కాఫీ తాగకుండానే పోయారు.

సాయంత్రం ఆడవాళ్ళందరూ షాదీఖానా వరండాలో కూర్చున్నారు. ఎవరూ ఇళ్ళకు పోరు. పుట్టమ్మ నా ముందుకు వచ్చి "ఆ నీళ్లు మేం తాగకుండా ఉంటే నీ మిద్దె నిలబడేది కదన్నా" అని ఏడుపు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీళ్లు తాగినందుకు ఏడ్చేవాళ్ళు యాడన్నా ఉంటారా? నోరు మూసుకొని పోయి ఆడ కూసో" అని గదిమాను. మీ అత్త నన్ను పక్కకు లాగింది.

ఇప్పుడు పని మాట విను. గోడలు గట్టిగా ఉన్నాయట, మళ్ళీ కప్పు వేస్తాను. ఎప్పటికి అవుతుందో తెలియదు. ఈసారి రెండు సంపులు. ఒకటి వీధి వైపు, దానికి మూత ఉండదు, కొళాయి ఉంటుంది. రెండోదానికి మూత వేసి తాళం వెయ్యి. తాళంచెవి నాకు ఇవ్వకు. సమీనాకూ ఇవ్వకు, అది నాకంటే మెత్తన. మీ అమ్మకు అసలే ఇవ్వకు. నువ్వే ఉంచుకో. మెట్లు కూడా రెండు వైపులా కావాలి, ఇనుపవి, బయటి నుంచి. పైపుల లెక్క వేసుకుని రా.

ఇంకొకటి రాసి ముగిస్తాను. ఆ శుక్రవారం చీకటి పడక ముందు, అందరూ వరండాలో ఉన్నప్పుడు, సమీనాను హాజరు పట్టీ తెమ్మన్నాను. పని లేదు, మిద్దె లేదు, హాజరెందుకు నాయనా అంది. చదువు అన్నాను. ఒక్కొక్క పేరూ చదివింది, ఒక్కొక్కరూ పలికారు. చివర తన పేరు తనే చదువుకుని తనే పలికింది. ఇరవై రెండు. మళ్ళీ చదువు అన్నాను. అందరూ నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశారు. అయినా మళ్ళీ చదివింది. ఈసారి పుట్టమ్మ ముక్కు చీదుకుంటూ నెమ్మదిగా పలికింది, నాకు వినపడలేదు. "గట్టిగా పలుకు" అని అరిచాను. పలికింది.

నీ మామ
కాలేసాబ్